పెట్టె మీద ఐపీ67 ఉంటే స్పీకర్‌ని యారాడ బీచ్‌కి తీసుకెళ్లొచ్చా?

నా మొదటి ఇయర్‌బడ్స్ వానకి తడిసి పోలేదు, సముద్రంలో పడీ పోలేదు. చెమటకి పోయాయి. రోజూ పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టి వుడా పార్కు దాకా వెళ్లి వెనక్కి నడిచేవాణ్ణి. మన ఊరి ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, నడక అయ్యేసరికి చెవుల వెనక నుంచి ధార కారేది. బడ్స్ తీసి, తుడవకుండా అలాగే కేసులో పడేసి మూత వేసేసేవాణ్ణి. ఆరేడు నెలలకి ఎడమ చెవిది ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. కేసు తెరిచి ఫోన్ టార్చి వేసి చూశాను. అడుగున ఆవగింజంత కూడా లేని రెండు పిన్నుల్లో ఒకటి బంగారు రంగులో మెరుస్తోంది. రెండోది పాత రాగి చెంబుకి చిలుం పట్టినట్టు పచ్చబడి ఉంది.

సర్వీస్ కౌంటర్‌లో అబ్బాయి భూతద్దం పెట్టి చూసి, "సార్, ఇది లిక్విడ్ డ్యామేజ్, వారంటీ రాదు" అన్నాడు. "పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంది కదా బాబూ" అంటే, "అది బడ్స్‌కి సార్, కేసుకి కాదు" అన్నాడు. ఐపీఎక్స్4 అంటే వస్తువు నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే కోడ్. అతను చెప్పింది నిజమే. ఆ ముక్క పెట్టె వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చదవనిది నేను.

మీరు కొత్తగా స్పీకరో బడ్సో కొనబోతున్నా, ఉన్నదాన్నే ఈ ఆదివారం రుషికొండకి పట్టుకెళ్దామనుకుంటున్నా, కింద చెప్పిన వరసలో ఒకసారి చూసుకోండి.

1. ముందు అంకెల్ని విడదీసి చదవండి

ఐపీ67ని 'అరవై ఏడు' అని చదవకండి. 'ఆరు, ఏడు' అని చదవండి. మొదటి అంకె దుమ్ముకి, రెండో అంకె నీటికి. దాని పరీక్ష దానిదే, దీని పరీక్ష దీనిదే. అందుకే ఐపీ58 గొప్పదా, ఐపీ67 గొప్పదా అని అడిగితే ఒక్క మాటలో జవాబు ఉండదు. దుమ్ములో ఒకటి మెరుగు, నీళ్లలో ఇంకొకటి మెరుగు. ఈ అంకెలు ఏ కంపెనీకి ఆ కంపెనీ పెట్టుకున్నవి కావు. ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చినవి. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా దాన్నే ఐఎస్/ఐఈసీ 60529 పేరుతో తీసుకుంది.

అంకె ఉండాల్సిన చోట ఎక్స్ ఉంటే దాన్ని సున్నా అనుకోవద్దు, అలాగని తొమ్మిది అనీ అనుకోవద్దు. ఆ విషయంలో కంపెనీ ఏమీ చెప్పట్లేదు, అంతే. జేబీఎల్ ఫ్లిప్ 5 స్పీకర్ మీద ఐపీఎక్స్7 అని ఉండేది, ఫ్లిప్ 6 మీద ఐపీ67 అని వచ్చింది. నీటి అంకె మారలేదు, ఎక్స్ పోయి ఆరు వచ్చింది. హాల్లో టీవీ పక్కన పెట్టుకునేవాళ్లకి ఈ తేడాతో పనిలేదు. ఇసకలో తువ్వాలు పరిచి దాని పక్కన స్పీకర్ పెట్టుకునే మనకి మాత్రం కావాలి.

దుమ్ము అంకెల్లో 1 నుంచి 4 దాకా ఉన్నవి వేలు దూరుతుందా, తీగ దూరుతుందా అనే లెక్కలు. ఆడియో వస్తువుల్లో మీకు కనిపించేవి దాదాపు 5, 6 మాత్రమే. ఒక గదిలాంటి పెట్టెలో మెత్తటి టాల్కం పౌడర్‌ని గాల్లో తిప్పుతూ వస్తువుని గంటల తరబడి అందులో ఉంచుతారు. కొంచెం పొడి లోపలికి పోయినా పని చెడకపోతే 5 ఇస్తారు. 6 రావాలంటే పొడి అసలు పోకూడదు.

నీటి అంకెల్లో 1, 2 అంటే పైనుంచి పడే చుక్కలు. 3 అంటే జల్లు. 4 అంటే ఏ వైపు నుంచి చిందినా తట్టుకుంటుందని. బడ్స్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే. 5కి 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో, నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున, రెండున్నర మూడు మీటర్ల దూరం నుంచి ధార కొడతారు. 6కి నాజిల్ 12.5 మిల్లీమీటర్లు, నీళ్లు నిమిషానికి 100 లీటర్లు. అంటే ఇరవై లీటర్ల బకెట్లు ఐదు, ఒక్క నిమిషంలో. 7కి ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ముంచి ఉంచుతారు. 8 అంటే 7 కన్నా కఠినమైన పరీక్ష. ఎంత లోతు, ఎంతసేపు అనేది కంపెనీయే చెప్పాలి. అది రాసి లేకపోతే 8ని చూసి మురిసిపోవాల్సిన పనిలేదు. 9 అంటే 80 డిగ్రీల వేడినీళ్లని మహా ఒత్తిడితో కొట్టే పరీక్ష. దాంతో మనకి పనిలేదు.

ఇక్కడొక మెలిక ఉంది, షాపుల్లో ఎవరూ చెప్పరు. 6 దాకా మెట్ల లెక్క. 6 నెగ్గితే 5, 4 కూడా నెగ్గినట్టే. 7 నుంచి ఆ లెక్క తప్పుతుంది. నీళ్లలో ముంచితే ఆగిన వస్తువు పైపు ధారకి కూడా ఆగుతుందని 7 చెప్పదు. కదలని నీరు వేరు, కొట్టే నీరు వేరు. రెండు పరీక్షలూ చేయించిన కంపెనీ ఐపీఎక్స్5/ఐపీఎక్స్7 అని రెండూ రాసుకుంటుంది. మీ స్పీకర్ మీద ఉత్త 7 ఉంటే దాన్ని బాత్రూంలో జెట్ కింద పెట్టి కడగకండి.

2. ఆ అంకె ఏ ముక్కకో చూడండి

బడ్స్ విషయంలో ఇదే అసలు సంగతి, నా డబ్బు పోయింది ఇక్కడే. ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో మొదటి తరంలో ఐపీఎక్స్4 బడ్స్‌కే ఉండేది. 2022లో వచ్చిన రెండో తరంలో కేసుకి కూడా ఇచ్చారు. 2023లో యూఎస్‌బీ-సీ కేసుతో వచ్చినదానికి రెండిటికీ ఐపీ54 అయింది. ఏ కంపెనీదైనా సరే, పెట్టె మీద 'బడ్స్', 'కేసు' అని విడివిడిగా రాశారేమో చూడండి. కేసు గురించి ఏమీ రాయలేదంటే దానికి రేటింగ్ లేదనే అనుకోండి.

కోడ్ లేకుండా ఉత్తినే 'వాటర్‌ప్రూఫ్', 'స్వెట్‌ప్రూఫ్' అని రాసినవాటిని లెక్కలోకి తీసుకోవద్దు. డాబా గార్డెన్స్ వైపు ఒక షాపులో కుర్రాడు ఒక చిన్న స్పీకర్ చూపించి, "బకెట్లో వేసేయండి సార్, ఏం కాదు" అన్నాడు. కోడ్ ఎక్కడుందని అడిగితే పెట్టెని నాలుగు వైపులా తిప్పి చూసి, "వాటర్‌ప్రూఫ్ అని రాశారు కదా సార్" అన్నాడు. పాపం, అతని తప్పేమీ లేదు. అంతకుమించి ఆ పెట్టె మీద ఏమీ లేదు.

3. పరీక్షలో లేనివి మన ఊళ్లో ఏమున్నాయో గుర్తుపెట్టుకోండి

ఈ పరీక్షలన్నీ కొత్త వస్తువు మీద, మంచినీళ్లతో జరుగుతాయి. మనం వాడేదేమో పాతబడుతున్న వస్తువు, ఉప్పునీటి ఒడ్డున.

ముందు ఉప్పు సంగతి. సముద్రపు నీళ్లలో లీటరుకి సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నదులు వచ్చి కలవడం వల్ల మన బంగాళాఖాతంలో కాస్త తక్కువ, అయినా తక్కువేం కాదు. మంచినీళ్లు ఆరిపోతే దాదాపు ఏమీ మిగలదు. ఉప్పునీరు ఆరితే గ్రిల్ సందుల్లో, ఛార్జింగ్ పోర్టులో, రబ్బరు మూత అంచున ఉప్పు పలుకులు మిగులుతాయి. అవి మన గాల్లో తేమని పీల్చుకుంటూ ఎప్పుడూ కొంచెం చెమ్మగానే ఉంటాయి. దానిమీద కరెంటు పెట్టారా, పిన్నుల్ని ఉప్పు తినేస్తుంది. నా బడ్స్ కేసులో జరిగింది అదే. చెమటలోనూ ఉప్పే ఉంటుంది కదా, దానికి సముద్రమే అక్కర్లేదు. అందుకే మన ఊళ్లో వస్తువు నీళ్లలో మునిగి పాడవడం తక్కువ, తడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టడం వల్ల పోవడం ఎక్కువ అని నా అనుభవం.

తర్వాత ఇసక. పరీక్షలో వాడే పౌడర్ కన్నా బీచ్ ఇసక రేణువు చాలా పెద్దది, కాబట్టి 6 ఉన్న స్పీకర్ పొట్టలోకి అది పోదు. అది చేసే నష్టం వేరే రకం. ఛార్జింగ్ పోర్టు రబ్బరు మూత తెరిచి, ఇసక చేతులతో మళ్లీ నొక్కారనుకోండి. అంచున ఒక్క రేణువు ఇరుక్కుంటే చాలు, మూత పూర్తిగా కూర్చోదు. అప్పుడు పెట్టె మీద ఎన్ని ఉన్నా, మీ చేతిలో ఉన్నదానికి నీటి అంకె పోయినట్టే. దుమ్ముకీ నీటికీ వేర్వేరు అంకెలని పైన చెప్పాను గానీ, బీచ్‌లో ఆ రెండూ కలిసే వస్తాయి.

మన ఇసకకి ఇంకో గుణం ఉంది. భీమిలి వైపు నడిచినవాళ్లు చూసే ఉంటారు, అలల గీత దగ్గర ఇసక అక్కడక్కడా నల్లగా చారలు కట్టి ఉంటుంది. అందులో ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. మాగ్నటైట్ అయస్కాంతానికి అతుక్కుంటుంది. స్పీకర్‌లో అయస్కాంతం, బడ్‌లో అయస్కాంతం, కేసు మూతలోనూ అయస్కాంతమే. ఒకసారి భీమిలి నుంచి వచ్చాక బడ్స్ కేసు తెరిస్తే, మూత మూసుకునే చోట నల్లటి మీసంలా ఇసక నిలబడి ఉంది. ఊదితే కదల్లేదు, గుడ్డతో తుడిస్తే ఇంకో చోటికి జరిగింది. చివరికి సెల్లోటేపు ముక్క అద్ది అద్ది లాగితే వచ్చింది. బీచ్‌లో బడ్స్ కేసుని ఇసక మీద మాత్రం పెట్టకండి, జేబులో ఉండనివ్వండి.

మూడోది వేడి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ముంచే పరీక్షలో నీటికీ వస్తువుకీ మధ్య వేడి తేడా 5 డిగ్రీలు దాటకుండా చూస్తారు. మే నెల మధ్యాహ్నం యారాడ ఇసకలో గంటసేపు ఉన్న నల్లటి స్పీకర్‌ని ముట్టుకుని చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది. దాన్ని అలాగే తీసుకెళ్లి నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. ఆ ఖాళీ బయటి నీళ్లని సీలు సందుల్లోంచి లోపలికి లాగుతుంది. ముంచక తప్పదనుకుంటే ముందు నీడలో చల్లారనివ్వండి.

అల కూడా కదలని నీరు కాదు. విరిగి పడే అల కొట్టే కొట్టుడు ఒక మీటరు లోతు లెక్కకి అందదు. సబ్బు నీళ్లు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్, గీజర్ ఆవిరి ఇవేవీ 7 పరీక్షలో ఉండవు. బాత్రూంలో పాటలు వినే అలవాటుంటే స్పీకర్‌ని తలుపు బయట పెట్టుకోండి. ఎలాగూ సగం పాట మీరే పాడతారు.

4. మీ వాడకానికి ఎంత కావాలో తేల్చుకోండి

బీచ్ రోడ్డులో నడక, జిమ్, బస్సు ప్రయాణం అయితే బడ్స్‌కి ఐపీఎక్స్4 చాలు. ఐపీ54 దొరికితే మంచిదే. దానికోసం మరీ ఎక్కువ పెట్టొద్దు, ఆ డబ్బు మంచి మైక్ ఉన్నదాని మీద పెట్టండి.

సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఆషాఢమాసం, 32 కిలోమీటర్లు, దారిలో వాన ఉండొచ్చు, చెమట ఎలాగూ తప్పదు. మధ్యలో జోడుగుళ్లపాలెం, అప్పుఘర్ దగ్గర చాలామంది సముద్రంలో మునకేస్తారు. 4 ఉన్న బడ్స్ వానకి ఆగుతాయి, మునకకి ఆగవు. స్నానానికి దిగేముందు బడ్స్ తీసి తుడిచి కేసులో పెట్టి, కేసుని జిప్ కవర్లో వేసి, ఒడ్డున ఉన్నవాళ్ల చేతికివ్వండి. అలవాటుగా చెవిలోనే ఉంచుకుని దిగినవాళ్లని చూశాను. ఒకాయన లేచేసరికి ఒక చెవిదే మిగిలింది.

బీచ్‌కి, బోటుకి, అరకు పిక్నిక్‌కి తీసుకెళ్లే స్పీకరైతే ఐపీ67కి తగ్గొద్దు. మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. యారాడ తీసుకెళ్లొచ్చు. అలల్లోకి కాదు, తువ్వాలు దాకా. బోటు మీదకైతే ఇంకో సంగతి కూడా చూసుకోండి. మునిగినా పాడవకపోవడం వేరు, తేలడం వేరు. ఐపీ కోడ్ తేలడం గురించి ఏమీ చెప్పదు.

ఈత కొడుతూ పాటలు వినాలంటే మాత్రం ఎంత పెద్ద రేటింగ్ ఉన్నా మామూలు బ్లూటూత్ బడ్స్ పనికిరావు. నీటిలో ఆ సిగ్నల్ అడుగు దూరం కూడా సరిగ్గా పోదు. పాటలు లోపలే దాచుకునే, ఈత కోసమే చేసిన ప్లేయర్లు వేరే ఉంటాయి. చెవుల్ని మొత్తం కప్పే పెద్ద హెడ్‌ఫోన్లలో చాలావాటికి ఏ రేటింగూ ఉండదు. వాటిని ఏసీ గదికి వదిలేయండి.

5. వెళ్లేముందు, వచ్చాక

ఇంట్లోనే ఫుల్ ఛార్జ్ పెట్టుకుని వెళ్లండి. బీచ్‌లో మూత తెరవాల్సిన అవసరమే రాకూడదు. బయల్దేరేముందు మూత అంచుని వేలితో ఒకసారి తడమండి. చీలిక గానీ, సాగి వదులైన చోటు గానీ ఉందేమో తెలుస్తుంది. అక్కడికెళ్లాక స్పీకర్‌ని ఇసకలో గుచ్చకుండా సంచికి తగిలించండి.

ఇంటికొచ్చాక చేయాల్సిన పని ఆ రాత్రే చేయాలి, పొద్దున చూద్దాంలే అనుకుంటే ఉప్పు గట్టిపడుతుంది. ముందు పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో ఇసక దులపండి, గ్రిల్‌ని కిందికి తిప్పి పెట్టుకుని. మూత గట్టిగా మూసి ఉందో లేదో చూసుకుని, 7 ఉన్న స్పీకరైతే మగ్గుతో మంచినీళ్లు మెల్లగా పోస్తూ కడగండి. రెండు మూడు మగ్గులు చాలు. సబ్బు వద్దు. 4 ఉన్న వస్తువుకి నీళ్లు పోయొద్దు, తడిపి పిండిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బడ్స్ రబ్బరు టిప్పులు ఊడదీసి విడిగా కడిగి ఆరబెట్టండి. జాలీలో ఇరుక్కున్నదాన్ని సూదితో పొడవకండి, ఆ జాలీయే నీటిని ఆపేది.

పాత కాటన్ గుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద రాత్రంతా వదిలేయండి. కడిగాక శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తే కంగారు పడొద్దు, జాలీ మీద నీటి పొర ఉన్నట్టు. ఆరితే మామూలవుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, ఆ వేడికి సీలు జిగురు దెబ్బతింటుంది. బియ్యం డబ్బాలో కూడా పెట్టకండి. బియ్యప్పొడి పోర్టులో దూరి చెమ్మతో కలిసి జావలా అవుతుంది. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూత గట్టి డబ్బాలో వేసి, ఆరిన బడ్స్‌ని అందులో ఉంచితే వానాకాలంలో బాగా పనికొస్తుంది.

మర్నాడు ఛార్జింగ్ పెట్టేముందు మూత తెరిచి పోర్టులోకి టార్చి వేసి చూడండి. తడి మెరుపు కనిపించినా, తెల్లటి పొక్కు కనిపించినా ఆ పూట ఛార్జింగ్ పెట్టొద్దు. బడ్స్ అయితే నడక నుంచి రాగానే చొక్కాకో కర్చీఫ్‌కో తుడిచి, పది నిమిషాలు టేబుల్ మీద ఆరనిచ్చి అప్పుడు కేసులో పెట్టండి. రెండో జత కొన్నాక నేను చేస్తున్నది ఇదొక్కటే, రెండేళ్లు దాటినా పిన్నులు ఇంకా బంగారు రంగులోనే ఉన్నాయి.

ఎంత జాగ్రత్తగా చూసుకున్నా సీలు ముసలిదవుతుంది. నీటిని ఆపే గుణం శాశ్వతం కాదని కంపెనీలే చిన్నక్షరాల్లో రాస్తాయి. ఒకసారి గట్టిగా కిందపడి అంచు సొట్టబోయినా, మూత నొక్కినప్పుడు వచ్చే 'టప్' శబ్దం రాకపోయినా ఇక దాన్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. మా స్పీకర్ మూత అంచు పోయినేడాది చీలింది. అడుగున ఐపీ67 అనే అచ్చు ఇంకా చెక్కుచెదరలేదు. ఇప్పుడది వంటింట్లో పై అరలో, సింకుకి అందనంత దూరంలో ఉంది. పొద్దున్నే మా అమ్మకి సుప్రభాతం వినిపిస్తుంది.